ఖాళీ అట్టల మీద అనుమానం

పొద్దున్నే బీపీ మాత్ర కోసం అట్టను నొక్కితే వెండి రేకు చిటుక్కుమంటుంది. ఆ చప్పుడుకు నాకు సుశీలమ్మ మేడమ్ గుర్తొస్తారు. చిక్కబళ్ళాపురంలో నా పీహెచ్‌డీకి గైడు ఆవిడే. సొంతూరు చింతామణి, వయసులో నాకన్నా కొంచెమే పెద్ద. ఎవరు మాట్లాడుతున్నా కళ్ళద్దాల పైనుంచి చూసేవారు. ఆ చూపు ముందు నిజం చెప్పేవాళ్ళకు కూడా మాట తడబడేది.

అప్పుడు నేను బాగేపల్లి వైపు ఆసుపత్రిలో సీనియర్ నర్సును. రిటైర్మెంటు దగ్గరపడ్డాక నర్సింగ్‌లో పరిశోధన మొదలుపెట్టాను. నర్సు నెలనెలా ఇంటికెళ్ళి నేర్పితే పల్లెల్లో బీపీ ఉన్నవాళ్ళు మాత్రలు సరిగ్గా వేసుకుంటారా అన్నది నా విషయం. పాతపాళ్య అనే ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి, అట్టలు చూసి, పట్టికలు వేశాను. మాత్ర మిగిలిన ఇల్లే లేదు. నా నేర్పు ఫలించిందని పొంగిపోతూ ఆ కాగితాలు మేడమ్ బల్ల మీద పెట్టాను.

ఆవిడ కాగితాలు ఒక్కొక్కటే తిరగేశారు. "రత్నమ్మా, ఇవి పాతపాళ్యలో రాసినవా, మీ ఇంట్లో కూర్చోని రాసినవా?"

"ఏం మాటలు మేడమ్! ఎండలో తిరిగి తెచ్చినా."

"కోతలప్పుడు గానీ, జాత్రప్పుడు గానీ ఒక్కరూ మరవలేదంటే యాడో మోసం ఉండాది. నీదో, వాళ్ళదో."

ఆ అధ్యాయం మీద సంతకం పెట్టనన్నారు. గడువు దాటితే నమోదు రద్దవుతుంది. ఆ వయసులో మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టలేను. 'ఈమె నన్ను నమ్మడం లేదు, కారణం కనుక్కోవాలి' అని ఆ రోజు డైరీలో రాసుకున్నాను. నా చోటు ఇంకెవరికో ఇవ్వాలని చూస్తున్నారేమో అని కూడా తోచింది.

కొద్దిరోజులకు తానే పాతపాళ్యకు వస్తానన్నారు. "జీపు వద్దు, తెల్లకోటు వద్దు" అన్నారు. నన్ను పట్టుకోవడానికే వస్తున్నారని నాకు ఖాయమైపోయింది. మేము బస్సు దిగి నడుస్తుంటే గుమ్మాల్లోంచి కళ్ళు వెంటాడాయి. నా పట్టికలో ఉన్న నారెమ్మ వాకిట్లో వేరుసెనక్కాయలు ఒలుస్తూ మేడమ్‌ను ఎగాదిగా చూసింది.

"ఎవురమ్మా ఈయమ్మ? పించను తీసేసేదానికి వచ్చిందా?"

మేడమ్ ఆమె పక్కనే కింద కూర్చుని తానూ ఒలవడం మొదలుపెట్టారు. మాత్రల ఊసే ఎత్తలేదు. వానల గురించి, పాడి గురించి మాట్లాడి మాట్లాడి, సంచిలోంచి తన మాత్రల అట్ట తీసి నాలుక కరుచుకున్నారు. "అయ్యో, మళ్ళీ మరిచినానే! మా డాక్టరు చూస్తే తిట్టి సంపుతాడు. రోంత నీళ్ళియ్యమ్మా."

నారెమ్మ చేతులు ఆగాయి. "నువ్వూ మరుస్తావా? సదువుకున్నదానివి గదమ్మా!"

"సదువుకుంటే మతిమరుపు రాదా?"

నారెమ్మ నావైపు ఓరగా చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఈ సిస్టరమ్మ వచ్చే దినం పొద్దున్నే మిగిలినవన్నీ నొక్కి దిబ్బలో పారేస్తాండాము తల్లీ. మిగిలితే ఈయమ్మ అరుపు ఊరంతా ఇనిపిస్తాది. మా దిబ్బకు మాత్రం బీపీ లేదు, సూడు."

"మా దిబ్బకూ లేదు" అంది పక్కింటామె గడపలోంచే.

నా పట్టికల్లో ఉన్నది మాత్రల లెక్క కాదు, నా అరుపుకు వాళ్ళు పడ్డ భయం. మేడమ్ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కానీ బస్సు కోసం నిలబడ్డప్పుడు నాలో కొత్త అనుమానం మొదలైంది.

"మేడమ్, మీరు నిజంగా మరిచినారా? లేకుంటే అట్టను అట్లా తయారుచేసి తెచ్చినారా?"

కళ్ళద్దాల పైనుంచి చూసి ఆవిడ మొదటిసారి నవ్వారు. "ఇప్పుడు నువ్వు రీసెర్చి చేస్తాండావు."

గడువు పొడిగించమని తానే విశ్వవిద్యాలయానికి రాశారు. నేను గొంతు తగ్గించుకుని ఇల్లిల్లూ మళ్ళీ తిరిగాను. ఈసారి పట్టికలు అంత అందంగా రాలేదు. వాటి మీద ఆవిడ వెంటనే సంతకం పెట్టారు.

మేడమ్ ఇప్పుడు లేరు. నెలకోసారి ఒక చిన్న వయసు నర్సు మా ఇంటికి వచ్చి నా బీపీ చూస్తుంది. నేను మాత్రలు మిగిలిన అట్టనే ఆమె చేతిలో పెడతాను. మొన్న ఆ పిల్ల అట్టను అటూ ఇటూ తిప్పి, రాయబోయి ఆగింది.

"అమ్మా, నిజంగానే మరిచినారా, లేకుంటే నన్ను పరీక్ష చేస్తాండారా?"

నేను కళ్ళద్దాలు కొంచెం కిందికి జార్చి, వాటి పైనుంచి ఆమెను చూశాను.