పసుపు పట్టీ

వకీలుగారి ఆఫీసులో పెద్ద టైపిస్టును అందరూ కామాగారు అంటారు. ముప్పై ఏళ్ళుగా ఆయన కళ్ళుగప్పి ఒక్క తప్పు కామా బయటికి పోలేదు. ఆ గర్వం నెత్తికెక్కి కూర్చుంది, దిగమంటే దిగదు.

ఆరు నెలలు చూసి ఖాయం చేస్తామన్న షరతు మీద చేరిన కొత్తమ్మాయి, నోటీసులు, ఉత్తరాల కోసం ఒక ఫైల్లో మాక్రోలు రాసిపెట్టింది. ఒక మీట నొక్కి పేరిస్తే చాలు, చిరునామా, తేదీ, మిగతా తతంగమంతా దానంతటదే రావాలి. కామాగారి కంప్యూటర్లో మాత్రం ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ఎలాగని ఆమెను అడిగితే లోకువైపోతానని ఆయన నోరు మెదపలేదు. వకీలుగారి దగ్గర మాత్రం నోరు బాగానే లేచింది.

"ఆ పిల్ల రాసినవి పనిచేయవండీ. నేను చేత్తో కొట్టుకోవడమే నయం."

"నా దగ్గర బాగానే వస్తున్నాయి సార్," అందా అమ్మాయి. ముప్పై ఏళ్ళ మాట ముందు మూడు నెలల మాట ఎవరు వింటారు?

సోమవారం ఉదయం వకీలుగారు చేత్తో రాసిన చిత్తు ఒకటి కామాగారి బల్ల మీద పెట్టి వెళ్ళారు. ఆ అమ్మాయిని నెలాఖరుకు పంపించేస్తున్నామనే ఉత్తరం. తన మాట ఇంతదాకా తెస్తుందని ఆయన అనుకోలేదు. అయినా కంప్యూటర్లో ఆ ఫైలు తెరిచారు. ఎప్పటిలాగే పైన పసుపు పట్టీ ఒకటి వచ్చింది. కాగితం మీద మరక కనిపిస్తే ఓర్వలేని మనిషి, రోజూ చేసినట్టే దాన్ని మూసేయబోయారు.

"ఆగండి బాబాయిగారూ," అంది కాగితాల కోసం వచ్చిన కొత్తమ్మాయి. "రోజూ దీన్ని మూసేస్తున్నారా?"

"పేజీ శుభ్రంగా ఉంటుందని..."

"మాక్రోలు నడవనివ్వాలా అని అడుగుతోందండీ అది. మూసేస్తే ఇంకెలా నడుస్తాయి?"

ఆమె వంగి 'అనుమతించు' నొక్కింది, తర్వాత మీట నొక్కింది. ఉత్తరం ఎవరికని అడుగుతూ తెర మీద చిన్న పెట్టె తెరుచుకుంది. కామాగారికి తల తీసేసినట్టయింది. చిత్తు అక్కడే ఉందన్న ధ్యాస కూడా లేకుండా లేచి వకీలుగారి గదిలోకి నడిచారు.

"తప్పు నాదండీ. నాకు చేతకాక ఆ పిల్ల మీద నెట్టేశాను."

వకీలుగారు తలూపారు. "సరే, ఉండమనండి. ఆ మాట మీరే చెప్పండి."

తిరిగొచ్చేసరికి తెర మీద ఉత్తరం పూర్తయి ఉంది. పైన ఆ అమ్మాయి పేరు, చిరునామా, కింద తేదీ. చిత్తు ఆమె చేతిలో ఉంది, కళ్ళు ఎర్రబడ్డాయి.

"చూశారా బాబాయిగారూ," అంది. "పనిచేస్తోంది."

"నువ్వు వెళ్ళక్కర్లేదమ్మా," అంటూ కామాగారు ఆమె చేతిలోని చిత్తు తీసుకుని చింపేశారు.