ఇంప్రెస్ కాదు, వెట్టి

పోయిన టర్మ్‌లో క్లాసు ముందు నిలబడితే మా మనవరాలికి గొంతు పెగల్లేదు. టీచరమ్మ కూర్చోమనేదాకా అలాగే నిలబడిపోయిందట. ఈసారి అమెరికా చరిత్రలోని ఒక యుద్ధం మీద మాట్లాడాలని చెప్పినప్పటి నుంచి దానికి అన్నం సయించడం లేదు.

దోహాలో, ఉమ్ ఘువైలినా అనే పేటలో, మా అమ్మాయి ఫ్లాట్‌లోనే నేనూ నా భార్యా ఉంటాం. ఇక్కడే ఒక కంపెనీ స్టోర్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. దేన్నైనా వరుసలో పెట్టకపోతే నాకు తోచదు. డైరీలో కూడా ముందు ఎండ సంగతి, తర్వాత తిండి, ఆ తర్వాతే మనుషులు. ఆ యుద్ధాన్నీ అలాగే వరుసలో పెడదామన్నాను.

అది 1812లో మొదలైన యుద్ధం. స్వతంత్రం తెచ్చుకున్న అమెరికా మళ్ళీ అదే బ్రిటన్‌తో తలపడింది. ఫ్రాన్స్‌తో పోరులో ఉన్న బ్రిటన్ అమెరికా ఓడల వ్యాపారానికి అడ్డుపడటం ఒక కారణం. అక్కడి ఆదివాసుల భూముల మీద, పైనున్న, అప్పట్లో బ్రిటన్ చేతిలోని కెనడా మీద అమెరికావాళ్ళ కన్ను మరొకటి. మూడోది మా మనవరాలే చెప్పింది.

"ఇంప్రెస్‌మెంట్, తాతా. అమెరికా షిప్‌లలో సెయిలర్లు బాగా పనిచేసేవాళ్ళు. బ్రిటిష్‌వాళ్ళు ఇంప్రెస్ అయిపోయి తీసుకెళ్ళిపోయారు."

వంటింట్లో చపాతీలు చేస్తున్న నా భార్య నవ్వింది. "మీ తాత పనికి గూడ మేనేజర్ మస్తు ఇంప్రెస్ అయ్యిండు. ఓడల ఏసుకోని పోయిండా? జీతమన్న పెంచలే!"

పిల్ల ముఖం చిన్నబోయింది. క్లాసులో కూడా ఇలాగే నవ్వుతారని దాని భయం.

నేను డిక్షనరీ తీశాను. ఇంప్రెస్ అనే మాటకు ఇంకో అర్థం ఉంది: బలవంతంగా పనికి పట్టుకుపోవడం. బ్రిటిష్ నౌకాదళానికి మనుషులు చాలక, అమెరికా ఓడలు ఆపి, "నువ్వు మావాడివే" అని నావికుల్ని లాక్కుపోయేవారు. కాగితాలు చూపించినా చాలాసార్లు వినేవారు కాదు.

"గట్ల చెప్పుండ్రి. అది వెట్టి," అంది నా భార్య, పిండి చేతులతో గుమ్మంలోకి వచ్చి.

"వెట్టి అంటే?"

"మా తాతను దొర మనుషులు పొలంలకెళ్ళి పట్టుకపోయేటోళ్ళు బిడ్డా. మూట నెత్తిన పెట్టి నడువుమనేటోళ్ళు. కూలి లేదు, పైసా లేదు. నాగలి ఆడనే ఉండేది."

పిల్ల, "అప్పుడు నాగలి ఎవరు పట్టేవాళ్ళు?" అని అడిగింది.

"మా అవ్వ."

ఆ రాత్రి పిల్ల రెండు చపాతీలు తిన్నది. డైరీలో తిండి కింద అది రాసుకున్నాను.

మాట్లాడాల్సిన రోజు నేనే దానితో బస్సు దాకా దిగాను. సాయంత్రం వచ్చాక బ్యాగు కూడా దించకుండా చెప్పింది. మొదటి రెండు కారణాలు బాగానే చెప్పిందట. మూడోదాని దగ్గర తడబడింది. ఇంప్రెస్‌మెంట్ అనబోయి నోట్లోంచి "వెట్టి" అని వచ్చింది. అందరూ చూశారు. టీచరమ్మ, "అంటే ఏమిటి?" అంది. ఇక పొలం, మూట, నాగలి పట్టిన అవ్వ, అన్నీ చెప్పేసిందట. అక్కడి నుంచి ఓడల్లోకి పోవడం తేలికైంది.

"నవ్విండ్రా?" అంది నా భార్య.

"లేదు అమ్మమ్మా. కెనడా అమ్మాయి మాత్రం గెలిచింది మేమే అని లేచింది. అమెరికా అబ్బాయి మేమే అన్నాడు. చివరికి సంధిలో సరిహద్దులు పాతలాగే ఉంచేశారు. వెట్టి మాటే అందులో లేదు!"

"నేను, మీ తాత కొట్లాడినట్టే ఉంది. ఇద్దరం గెలుస్తం, సంగతి ఆడనే ఉంటది," అని నవ్వి, మళ్ళీ అడిగింది. "మరి ఆ భూములున్నోళ్ళు? ఆదివాసులు?"

"ఆ తర్వాత వాళ్ళ భూములు పోయాయి, అమ్మమ్మా. ఎక్కువ నష్టం వాళ్ళకే."

"వాళ్ళ దిక్కు ఎవరు లేవలేదా క్లాసుల?"

మనవరాలు బ్యాగు దించి ఆలోచించింది.

"రేపు నేను లేస్తా," అంది.