పెళ్లికొడుకు నడక

ప్రత్యేక రాష్ట్రం కోసం బస్సులు ఆగిపోయి, బడులు మూతపడి, జనం రోడ్ల మీదే వంటలు చేసుకుని తిన్న కాలమది. అప్పుడు నేను జనగామలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. చేతికి మైకు దొరికితే మాత్రం నోటికి అదుపుండేది కాదు. ఒకరోజు దీక్షా శిబిరంలో ఊపు మీద, "సమ్మె అయిపోయేదాంక బండెక్క, కాలినడకనే పోత" అని ప్రకటించేశాను. చప్పట్లు పడ్డాయి. చప్పట్ల కోసం మనిషి ఏమైనా అంటాడని అప్పటికి నాకు తెలియదు.

వారం తిరక్కుండానే బచ్చన్నపేటలో పెళ్లిచూపులు కుదిరాయి. చిన్నాయన లూనా తీసి, "ఎక్కురా, ఎవలు చూస్తరు?" అన్నాడు. (దారి పొడవునా శిబిరాలే. అందరూ చూస్తారు.) నేను ఎక్కలేదు. ఆయన తర్వాత లూనా మీద వచ్చాడు. తెల్లవారకముందే బయలుదేరి, చూపుల కోసమే కొన్న కొత్త బూట్లతో ఐదు గంటలు నడిచాను. సగం దారిలోనే మడమలు ఒలిచిపోయాయి. బూట్లు విప్పి చేత పట్టుకుందామంటే, ఉత్త కాళ్లతో పోయే పెళ్లికొడుకును ఎవరైనా మెచ్చుతారా?

వాకిట్లోనే మంచాలు వేశారు, బూట్లు విప్పే పని పడలేదు. అమ్మాయి వచ్చి కూర్చుంది. చూడగానే నచ్చింది. ఈ సంబంధం తప్పిపోతే ఎట్లా అని ఆ క్షణం నుంచే భయం పట్టుకుంది. చిన్నాయన ఆనవాయితీ ప్రకారం, "అమ్మాయిని జర నాలుగడుగులు నడువుమనుండ్రి" అన్నాడు. పిల్ల కాళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడం మగపెళ్లివారు తమ హక్కనుకునేవారు. ఆమె లేవబోతుంటే వాళ్ల అవ్వ చెయ్యి పట్టి ఆపింది. "మా పిల్ల నడుస్తది తియ్యి. ముందుగాల మీ పిలగాన్ని నడువుమను. వచ్చేటప్పుడే చూసిన, కాలు ఈడుస్తుండు."

వాకిట్లో ఈ గోడ నుంచి ఆ గోడకు నవ్వు ముఖంతో నడిచాను. ఎంత సాఫీగా నడుద్దామనుకుంటే అంత కుంటుపడింది. ఆడపిల్లలను ఇట్లా నడిపిస్తారని తెలుసు గానీ, నడిచేవాళ్లకు ఎట్లా ఉంటుందో ఆ రోజే తెలిసి సిగ్గేసింది. "పుట్టినకాంచి గిట్లనేనా?" అని అవ్వ చిన్నాయనను అడిగింది. అప్పుడు అమ్మాయే మెల్లగా, "బూట్లు ఇప్పుమను అవ్వా" అంది. విప్పితే మేజోళ్లు నెత్తుటితో మడమలకు అంటుకుపోయి ఉన్నాయి.

"బండి ఉండంగ ఎందుకు నడిచినవ్ బిడ్డా?" అంది అవ్వ.

"మైకుల చెప్పిన అవ్వా," అన్నాను.

అవ్వ నా పాదాలు అటూ ఇటూ తిప్పి చూసింది. "కాళ్లు మంచిగనే ఉన్నయి. తెలివే జర కుంటుతుంది," అని పసుపు, కొబ్బరినూనె తెప్పించింది. అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. సంబంధం ఖాయమైందని నాకు ఆ నవ్వుతోనే తెలిసింది. తిరిగి వచ్చేటప్పుడు అవ్వే నన్ను లూనా ఎక్కించి, "ఎవలన్న అడిగితే నా పేరు చెప్పు" అంది. అయినా దారంతా ముఖానికి రుమాలు కప్పుకునే కూర్చున్నాను.

రాష్ట్రం వచ్చింది, ఆమె కూడా మా ఇంటికి వచ్చింది. ఇప్పుడు వీధి చివరి కిరాణా కొట్టుకు కూడా నేను బండి తీస్తాను. "జర నడువరాదు, షుగర్ తగ్గుతది" అంటుంది మా ఆవిడ. విననట్టు కిక్కు కొడతాను. అన్న మాట కోసం కాళ్లు ఒలిపించుకున్న ఆ పిచ్చివాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. ఆమె ఒప్పుకున్నది వాణ్ణి కదా, నన్ను కాదు కదా అనిపించి కాస్త అసూయ కూడా కలుగుతుంది.