అన్న తోపు పక్క దారి

కే.వి.కుప్పం చుట్టుపక్కల దేవరాజులు గడప తొక్కని ఇల్లు లేదు, ఒక్క ఇల్లు తప్ప. ఆ ఒక్కటీ సొంత అన్న ఇల్లే.

దేవరాజులు ఏళ్ల తరబడి పాల సొసైటీ నడిపిన మనిషి. ఎవరి ఎనుము ఎప్పుడు ఈనిందో, ఎవరి కోడలు ఎవరి మీద అలిగిందో ఆయన చెవిన పడకుండా పోయేది కాదు. ఆ ఉద్యోగం వదిలి ఇంట్లో కూర్చున్నాక పొద్దుపోక, కూరలో ఉప్పు దగ్గర్నుంచి కోడిపెట్ట దాకా ప్రతిదానికీ వంకలు పెట్టి భార్య సరస్వతమ్మ ప్రాణం తీస్తుండేవాడు. సరిగ్గా అప్పుడే గుడియాత్తం నుంచి జ్యోతిక అనే పిల్ల ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. వేలూరులో ఏదో ఆసుపత్రిలో పని ఆమెకు. ఆదివారం వస్తే సైకిలెక్కి ఊళ్లు తిరగడమే సంబరం.

"తాతా, మెయిన్ రోడ్డు మింద లారీలకి భయపడి ఎవురూ సైకిల్ తొక్కడం లే. మేల్పాడి నుంచి కాట్పాడి, ఆణ్ణుంచి మీ ఊరి మీదుగా గుడియాత్తం దాకా పాత కాలిబాటలన్నీ కలపాలని మేం కొంతమంది అనుకున్నాము. నడిచేవాళ్లు నడస్తారు, తొక్కేవాళ్లు తొక్కతారు. రైతుల్ని అడగాలంటే నువ్వే ఉండాలంట, అందురూ అదే చెప్తాండారు," అంది.

కొత్త రోడ్డు వేయడం కాదు ఆ పని. చెరువు కట్టలూ కాలువ గట్లూ ఎప్పటినుంచో ఉన్నవే. మధ్యమధ్యలో బాట తెగిపోయిన చోట రైతుల పొలం గట్ల మీదుగా, అంటే ఇక్కడివాళ్లు గెనిమలంటారే, వాటి మీదుగా అతుకు వేసుకోవాలి. రైతు ఒప్పుకోవాలి, అంతే. అంతే అనడం సులువు! సర్కారు వచ్చి చేను లాక్కుంటుందని ఒకడి భయం. పట్నం పిల్లలు తెంకాయలు కోసుకుపోతారని ఇంకొకడి అనుమానం. దేవరాజులు కాలికి బలపం కట్టుకుని తిరిగాడు. ఎవరింటికి పోయినా దారి మాట ముందు ఎత్తేవాడు కాదు. మజ్జిగ తాగేవాడు, దూడను నిమిరేవాడు, కాట్పాడి ఆసుపత్రిలో ఉన్న వాళ్ల మామ ఎట్లున్నాడని అడిగేవాడు. చెప్పులు వేసుకుంటూ, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు, "అప్పా, మీ గెనిమ మీద నాలుగు సైకిళ్లు పోతాయంట, పోనీలే," అనేవాడు. మజ్జిగ పోసిన చేత్తో కాదనేదెవరు?

బాట పొడుగునా పాతే బోర్డుల మీద తమిళంతోపాటు తెలుగు కూడా ఉండి తీరాలని పట్టుబట్టిందీ ఆయనే. తీరా బోర్డు వచ్చాక అందులోని తెలుగు చదవగలిగినవాడు ఊళ్లో ఒక్కడూ లేడు, ఆయనతో సహా. ఇళ్లలో మాట తెలుగైనా బడి చదువు తమిళమే. "చదవకపోతే ఏమప్పా, మనది మనకు కనపడాల," అని నవ్వేశాడు.

ఇంత చేసిన మనిషికి సొంత ఊళ్లోనే బాట తెగింది. ఊరి చివర, వానల్లో తప్ప నీళ్లు పారని వంకను ఆనుకుని అన్న అప్పాసామి తెంకాయ తోపు ఉంది. ఆ తోపు గెనిమ దొరికితే చెరువు కట్టా గుడియాత్తం బాటా కలిసిపోతాయి. దొరక్కపోతే వంకలోకి దిగాలి. అన్నదమ్ములకు మాటల్లేవు.

ఎందుకు లేవంటే, ఏం చెప్పమంటారు, వింటే నవ్వుతారు. అప్పాసామి కూతురి పెళ్లిలో మొదటి తాంబూలం తమ్ముడికి కాకుండా బావమరిదికి ఇచ్చారు. పెళ్లిపందిట్లో మొదటి తాంబూలం ఎవరి చేతిలో పడిందన్నది మా వైపు చిన్న సంగతి కాదు. వంశంలో ఎవరి తర్వాత ఎవరో నలుగురిలో చెప్పే లెక్క అది. ఆ హడావుడిలో ఎవరో పళ్లెం అందించారు, అప్పాసామి ఎదురుగా ఉన్నవాడి చేతిలో పెట్టేశాడు. దేవరాజులు ఆకు ముందు కూర్చున్నవాడు ముద్ద ముట్టకుండానే లేచి, పెళ్లాన్ని తీసుకుని ఇంటికొచ్చేశాడు. తినకుండా పోయినాడని అన్నకు కోపం. వెనక్కి పిలవలేదని తమ్ముడికి కోపం. ఆ రోజు పెళ్లి చేసుకున్న పిల్లకు ఇప్పుడు బడికి పోయే కూతురుంది, వీళ్ల కోపం మాత్రం చెక్కుచెదరలేదు.

చిన్నప్పుడు తమ్ముణ్ణి సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని కే.వి.కుప్పం సంతకు తీసుకుపోయిన అన్న అతను. తండ్రి పోయాక తమ్ముడి చదువు కోసం తన చదువు మానుకున్న అన్న. అవన్నీ దేవరాజులుకు తెలియక కాదు. తెలిసే, ఆ పేరు ఇంట్లో ఎత్తవద్దన్నాడు. ఎత్తితే తను ఎక్కడ మెత్తబడిపోతాడోనని భయం.

ఇక లాభం లేదని జ్యోతికే అప్పాసామి దగ్గరికి పోయింది. ఆయన కాదనలేదు, సరేననలేదు. "వాణ్ణే వచ్చి అడగమనమ్మా," అన్నాడట.

ఆ మాట చెవిన పడిందో లేదో దేవరాజులు ఇంతెత్తున లేచాడు. "నేను పోయి చెయ్యి చాపాలనా? పెద్దోడు గదా, పిలవమను. పిలిస్తే పోతా!"

"వచ్చి అడగమనడం పిలవడం కాదా ఏమయ్యా?" అంది సరస్వతమ్మ.

"అది పిలుపా? అది పెత్తనం!"

అయ్యో, ఒక్క మాట! అన్న నోట అది ఆశగా వచ్చిన మాటని ఆ పూట ఒక్క క్షణం ఆలోచించినా సరిపోయేది. ఊరందరి గుమ్మాల్లో మజ్జిగ తాగిన మనిషికి ఆ ఒక్క గుమ్మం ఎక్కడానికి అహం అడ్డొచ్చింది. పంతం పట్టి బాటను వంకలోకి మళ్లించాడు. ఇసుక, గుండ్రాళ్లు, సర్కారు తుమ్మకంప. తొక్కుకుంటూ వచ్చినవాళ్లు అక్కడ దిగి సైకిళ్లు భుజాన వేసుకుని దాటాలి. అయినా సరే, అన్న నేల తొక్కకుండా దారి పూర్తి చేశానని ఆయనకు తృప్తి.

దారికి పేరొచ్చింది. వేలూరు నుంచి ఆసుపత్రి వాళ్లు, కాట్పాడి నుంచి కాలేజీ పిల్లలు, రైలెక్కి బెంగుళూరు నుంచి కూడా కొందరు రాసాగారు. దేవరాజులు పెళ్లికి పోయినా, చావుకు పోయినా, బస్సులో పక్కన ఎవరు కూర్చున్నా ఆ దారి గురించే చెప్పేవాడు. వచ్చినవాళ్లకు చెరువు కట్ట మీద ఎదురుపోయి, కొంగలను చూపించి, ఊరి మధ్య దాకా తీసుకొచ్చి వదిలేవాడు. అక్కణ్ణుంచి ముందుకు అడుగు వేసేవాడు కాదు.

"బావకి ఒంట్లో బాగలేదంట," అని సరస్వతమ్మ ఒకసారి అంది. ఆమెకు తెలిసిందీ అంతే. మాటల్లేని ఇళ్ల మధ్య ఈ ఊళ్లో కబురు నడవదు. అటు మాట ఇటు మోశాడన్న నింద ఎవడు తెచ్చుకుంటాడు? నన్ను వంచడానికి వేసిన ఎత్తు ఇదొకటని దేవరాజులు విననట్టే లేచిపోయాడు.

వేరుశనగ పీకే రోజుల్లో ఒకనాడు జ్యోతిక ఇంటికొచ్చి కాఫీ తాగుతుంటే, దేవరాజులే మాటవరసకు అడిగాడు. "వంకలో సైకిళ్లు ఎత్తుకోని పోయేది కష్టంగా ఉండాదేమమ్మా?"

ఆ పిల్ల తెల్లబోయింది. "వంకలోకి ఎవురు దిగతాండారు తాతా? మొదట రెండు వారాలు తప్ప మేం తోపులోనే గదా పోతాము. మేము సైకిళ్లు మోసేది చూసి ఆ పెద్ద తాతే కత్తి తీసుకోని కంప కొట్టేసినాడు. గెనిమ చెక్కి వెడల్పు చేసినాడు. కడవతో నీళ్లు పెట్టుకోని కూచుంటాడు. ఇది మా తమ్ముడు వేసిన దారి, జాగర్తగా పోండి అంటాడు. నీకు తెలుసనుకున్నానే!"

దేవరాజులు లేచి పెరట్లోకి పోయి, బావిగట్టు పట్టుకుని నిలబడ్డాడు. అన్న వయసులో కత్తి పట్టి తుమ్మకంప కొట్టడమంటే మాటలా? చేతులు ఎంత చీరుకుపోయి ఉంటాయి! ఆ ముళ్లన్నీ ఇప్పుడు తన గుండెలో దిగినట్టయింది.

వెనకే వచ్చిన సరస్వతమ్మ అంది: "ఇంకా ఏమి కావాల నీకు? పో. ఇప్పుడే పో."

"ఎట్ల పోయేది? ఇన్నేళ్లకి, ఏమని పోయేది?"

పోవాలని ఉంది, ముఖం చెల్లడం లేదు. ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు. అన్న ఇంటికి పోవడమెందుకు? దారి తోపులోనే ఉంది కదా. ఆదివారం వచ్చేవాళ్లతో కలిసి తనూ సైకిలెక్కి పోతాడు. అందరితోపాటు ఆగుతాడు, అందరితోపాటు నీళ్లు తాగుతాడు. పోయినట్టూ ఉండదు, పోనట్టూ ఉండదు. ఉపాయం బాగుంది గానీ పాడు మనసు ఊరుకుంటుందా! వేరుశనగ అయిపోనీ అన్నాడు. తర్వాత వాన పట్టుకుంది, సైకిళ్లు రావడమే ఆగిపోయింది, బురద ఆరనీ అన్నాడు. తర్వాత సైకిలు బాగుచేయించాలన్నాడు. అట్లా ఒక్కో ఆదివారమే జారిపోయి, చలి దిగేదాకా వచ్చింది.

చివరికి ఒక ఆదివారం పొద్దున ఉతికిన పంచె కట్టుకుని, సొసైటీకి తొక్కిన పాత సైకిలెక్కాడు. సరస్వతమ్మ వీధి చివరి దాకా వచ్చి నిలబడింది. జ్యోతికా, ఆమెతో వచ్చిన వాళ్లూ ముందు పోతున్నారు. ఏం మాట్లాడాలో దారంతా లోలోపలే అనుకుంటూ పోయాడు. తోపు కనబడగానే అనుకున్నదంతా మరిచిపోయాడు. గెనిమ ఎంత చక్కగా ఉంది! రెండు సైకిళ్లు పక్కపక్కన పోవచ్చు.

మోటారు రూము పక్కన, నీళ్లతొట్టి గట్టు మీద అప్పాసామి కూర్చుని ఉన్నాడు. మనిషి సగమైపోయాడు. చొక్కా గుండీలు ఒకదానికి వేయాల్సింది ఇంకొకదానికి వేసుకున్నాడు.

"రాండి నాయనా, రాండి. నీళ్లు తాగి పోండి," అన్నాడు అందర్నీ చూస్తూ.

దేవరాజులు సైకిలు చెట్టుకు ఆనించి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. అన్న కడవలోంచి చెంబుతో నీళ్లు ముంచి ఇచ్చాడు. సగం కిందే ఒలికాయి.

"ఏ ఊరు నాయనా నీది?" అన్నాడు.

కోపంతో దెప్పుతున్నాడనుకున్నాడు దేవరాజులు. తలెత్తి చూశాడు. ఆ కళ్లల్లో కోపం లేదు. తను కూడా లేడు.

"అన్నా, నేను. దేవరాజులు."

అప్పాసామి బోసినోటితో నవ్వాడు. "మా తమ్ముడి పేరూ అదే. వాడు నీ మాదిరి ముసిలోడు కాదులే. దుడుకోడు. ఉరికినట్టే వస్తాడు."

ఇంట్లోంచి మామకు ఇడ్లీ తెస్తున్న కోడలు సుమిత దేవరాజులును చూసి ఆగిపోయింది. కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. ఆయన్ని పక్కకు పిలిచి మెల్లగా చెప్పింది. "వానలప్పటి నుంచి ఇట్లయిపోయినాడు చిన్నమామా. నన్నే ఒకోసారి ఎవురమ్మా నువ్వు అంటాడు. దానికి ముందు ఒంట్లో బాగలేకున్నా మనుషుల గుర్తు బాగానే ఉండె. ఆదివారమైతే చాలు, తెల్లారే తలకి పోసుకోని, ఈపొద్దు వాడు గ్యారంటీగా వస్తాడు, కాఫీ పెట్టి ఉంచు అనేవాడు. వేరుశనగ టయానికి వచ్చుంటే నిన్ను చూస్తానే లేచి నిలబడుండును."

వేరుశనగ టయానికి!  వేరుశనగ అయిపోనీ, బురద ఆరనీ, సైకిలు బాగుపడనీ! ఎన్ని సాకులు చెప్పుకున్నాడు! దేవరాజులు తిరిగొచ్చి అన్న పక్కనే, తొట్టి గట్టు మీద కూలబడ్డాడు. జ్యోతిక చూసి, మిగతావాళ్లను తీసుకుని ముందుకు పోయింది.

"నువ్వు పోవా నాయనా?" అన్నాడు అప్పాసామి.

"పోతాలే అన్నా. ఇంకొంచేపు ఉంటా."

"ఊళ్లోకి పోతే మా తమ్ముడింటి దగ్గర ఒక్క మాట చెప్పు. వాడు వచ్చి అడగాలని ఊరికే మొండికేసినాను. అడిగేదేమి, దారి ఇచ్చేసినాను గదా! నేనే పిలిచినానని చెప్పు. అన్నం తిందువు రమ్మన్నాడని చెప్పు. చెప్తావా?"

ఇన్నేళ్లుగా ఎదురుచూసిన పిలుపు అది. ముఖాముఖి, పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని మరీ పిలుస్తున్నాడు అన్న. వచ్చేశానని చెప్పడానికి మాత్రం అక్కడ వినేవాడు లేడు.

"చెప్తానన్నా," అన్నాడు దేవరాజులు. ఆపుకోలేక భోరున ఏడ్చేశాడు.

అప్పాసామి కంగారుపడి పైగుడ్డతో ఆయన ముఖం తుడిచాడు. "ఏమిటికి నాయనా ఏడస్తావు? ఎండ తగిలినట్టుండాది. ఇంకొంచెం నీళ్లు తాగు."