తల దించిన దుప్పి

జాతీయ పార్కు గేటు మీద ‘ప్రకృతి మన కన్నతల్లి’ అని రాసి ఉంటుంది. జనం ఆ అక్షరాల కిందే కారు దిగి, ఫొటో తీసుకుని, ఖాళీ సీసా పొదల్లోకి విసిరి వెళ్ళిపోతుంటారు. గాజుకళ్ళక్క ఆ బోర్డు వంక చూడదు. ఆమెకు లోపల పనుంది.

చచ్చిన జంతువు చర్మానికి ఉప్పూ పటికా పట్టించి, తీగలతో కట్టిన ఒంటికి తొడిగి, గడ్డి కూరి, గాజుకళ్ళు పెట్టి నిలబెట్టడం ఆమె వృత్తి. పేరు అలా స్థిరపడింది. పార్కు మధ్య ఉన్న పాత వేట బంగళా ఇప్పుడు మ్యూజియం. దాని వెనక గుర్రాలశాల ఆమె పనిగది. బల్ల మీద పెద్ద సూదులు, మైనం పట్టించిన దారం, డబ్బాల్లో జతలు జతలుగా కళ్ళు. కొత్తవాళ్ళెవరైనా టీకి కూర్చుంటే, ఆ కళ్ళన్నీ తమనే చూస్తున్నాయనిపించి కప్పు సగంలో వదిలేసి లేస్తారు.

ఒకప్పుడు ఈ అడవంతా దొరల వేటమైదానం. రెల్లుకు నిప్పుపెట్టి జంతువుల్ని తరిమించి, ఎదురుగా కుర్చీలేసుకుని కాల్చేవారు. వాటిని గోడలకెక్కించే పని ఆమె తాతకి, తర్వాత నాన్నకి దక్కింది. చట్టం వచ్చి దొరలు వెళ్ళిపోయాక రెల్లు మళ్ళీ మనిషెత్తు లేచింది. పక్షులు రెట్టేసిన మేడి గింజలు బంగళా కప్పులోంచే మొలిచాయి. వాగు పక్కన ఉప్పునేల నాకడానికి దుప్పులు తిరిగొచ్చాయి. రమ్మని ఎవరూ ఉపన్యాసాలివ్వలేదు. కాల్చడం మానేశారు, అంతే.

పూర్తిగా మానలేదు. పార్కు అంచున రోడ్డు మీద, పొద్దువాలే వేళ, కారు కిటికీలోంచి తుపాకీ బయటపెట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళను పట్టుకోవడానికి రేంజరు ఆమెతో ఓ మగదుప్పిని చేయించాడు. చర్మం లారీ గుద్ది చచ్చినదానిది. లోపలి తీగల ఒళ్ళు మాత్రం నాన్న పోయేముందు తన చేతులతో వంచిపెట్టింది. దాన్ని రోడ్డు పక్క గడ్డిలో నిలబెట్టి గార్డులు పొదల్లో కాపు కాశారు. కార్లు వచ్చాయి, నెమ్మదించాయి, వెళ్ళిపోయాయి. ఓ సాయంత్రం గార్డులు టీకి వెళ్ళొచ్చేసరికి దుప్పి ముందు పచ్చగడ్డి మోపు, పక్కన చెంబుతో నీళ్ళు!

రేంజరు దాన్ని జీపులో వేసుకొచ్చాడు. మొహం మాడిపోయి ఉంది.

“మనల్ని చూసి నవ్వుకుంటున్నారక్కా. పైవాళ్ళకీ తెలిసిపోయింది. ఇంకొక్కసారి చూస్తారట. ఈసారీ ఎవడూ పడకపోతే దీన్ని మ్యూజియంలో పెట్టి, నన్ను ఆఫీసులో పెడతారట. ఈలోగా ఉప్పునేల దగ్గర మంద సగమైపోయింది.”

జీపు డ్రైవరు గాజుకళ్ళక్క మొగుడే. దుప్పిని దించుతూ నోరు ఆపుకోలేకపోయాడు. “మీ నాన్న దుప్పి కొత్తల్లుడిలా నిలబడితే మర్యాద చెయ్యరేంటే మరి?”

ఆమె దుప్పి చుట్టూ ఓసారి తిరిగింది. కుట్లు తడిమి చూసింది, ఒక్కటీ బయటపడలేదు. రంగు సరిగ్గానే ఉంది. కళ్ళలో తడి మెరుపూ ఉంది. మరి తప్పెక్కడ?

మర్నాడు రేంజరుతో ఉప్పునేలకు వెళ్ళి వెదురుపొద చాటున కూర్చుంది. ఇన్నేళ్ళుగా దుప్పుల్ని కుడుతున్న మనిషి, బతికున్నదాన్ని తీరిగ్గా చూడటం అదే మొదలు. తన చేతికొచ్చేసరికి అవి ఎప్పుడూ చచ్చే ఉండేవి మరి. మంద వచ్చింది. పెద్ద కొమ్ములది ఒకటి వెనక కాలు సడలించి, రాని బస్సు కోసం విసిగిపోయిన గుమాస్తాలా నిలబడింది. తల భుజాల కంటే కిందే. ఒక చెవి ముందుకి, ఒకటి వెనక్కి. తొడ మీద బొచ్చు రాలి అట్టలు అట్టలుగా ఉంది.

“ఏంటక్కా, నవ్వుతున్నావ్?” గుసగుసగా అడిగాడు రేంజరు.

“ఒక్కటైనా ఛాతీ విరుచుకుని నిలబడిందేమో చూడు. మన గోడల మీదవన్నీ జమీందార్లే! దొరగారు కాల్చింది వీరుడై ఉండాలిగా మరి, లేకపోతే ఆయనకేం గొప్ప? మా నాన్న వాళ్ళకి కావలసినట్టు చేశాడు. నేను అదే దుప్పి అనుకున్నా.”

పనిగదికి వచ్చి మెడ కుట్లు విప్పి రంపం తీసింది. మొగుడు కంగారుపడ్డాడు.

“మీ నాన్న చేతిపనే అది! కొత్త ఒళ్ళు కట్టుకోరాదూ?”

“చర్మం దీని మీదే ఆరి బిగిసింది. ఇంకోదానికి తొడిగితే చిరుగుతుంది. కొత్త చర్మం నువ్వు గుద్ది తెస్తావా?”

అన్నదే గానీ రంపం వెంటనే కదల్లేదు. ఏ జంతువు పూర్తయినా నాన్న చివరికి రెండు వేళ్ళతో దాని గడ్డం పైకెత్తి మురిసిపోయేవాడు. ఆమె కళ్ళు మూసుకుని తీగ కోసింది. తల కిందకు వంచి మళ్ళీ కట్టింది. వెనక కాలు సడలించింది. ఎడమ చెవిని వెనక్కి తిప్పి కుట్టింది. తొడ మీద బొచ్చు పీకి, బురద పూసింది.

“లక్షణంగా ఉన్నదాన్ని కష్టపడి దరిద్రంగా తయారు చేస్తున్నావు,” అన్నాడు మొగుడు.

పనయ్యాక అలవాటుగా రెండు వేళ్ళు దుప్పి గడ్డం కిందికి పోయాయి. చటుక్కున వెనక్కి తీసుకుంది.

దుప్పిని మళ్ళీ రోడ్డు పక్క నిలబెట్టిన వారంలోనే రేంజరు దాన్ని మోసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

“ఒకణ్ణి పట్టుకున్నాం అక్కా, తుపాకీతో సహా! బొమ్మరా బాబూ అంటే వాడు నమ్మడే. ‘చెవి తిప్పింది సార్, కళ్ళారా చూశా’ అని కొట్టుకుంటున్నాడు.”

“ఏ చెవి?”

“ఎడమది.”

ఆమె ఎడమ చెవి కుట్టు ఓసారి తడిమింది. భుజం వెనక చిల్లులో వేలు పెట్టి, “గురి బాగానే ఉంది వెధవకి,” అని సూదికి దారం ఎక్కించింది.

జీపు మరమ్మతుకు వెళ్ళిన రోజుల్లో గార్డులు దుప్పిని వాగు దగ్గర రోడ్డు మలుపుకు మార్చారు. మొగుడికి చెప్పాలని ఎవరికీ తట్టలేదు. జీపు తిరిగొచ్చిన సాయంత్రం భార్యను ఇంటికి తీసుకెళ్తూ అతను ఆ మలుపులో గభాలున బ్రేకు వేశాడు. ఇంజను ఆపాడు.

“ష్... కదలకే. బెదురుతుంది. దాటనీ పాపం.”

గాజుకళ్ళక్క చూసింది. సడలిన కాలు, దించిన తల, వెనక్కి తిరిగిన ఎడమ చెవి. అవతలి పొదలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. మొగుడు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

“ఎంతసేపు నిలబడుతుందే ఇది?”

“దానికేం తొందర?” అంటూ ఆమె సీటుకు చేరగిలబడింది.