చెయ్యి లేచినప్పుడు

ఒక ఆదివారం పొద్దున అన్నయ్య నా భార్య పన్ను విరగ్గొట్టాడు. ఆమె ఇడ్లీ పళ్ళెం ఆయన ముందు పెడుతోంది. పిడికిలి బిగించి కొట్టాడు. ఆమె గోడకి తగిలి అక్కడే కూలబడింది. నోట్లోంచి రక్తం కారి చీర మీద, పళ్ళెంలో చట్నీ మీద పడింది. అన్నయ్య ఆమెని కాసేపు చూసి, "లే, లే. నెక్స్ట్ షాట్" అన్నాడు.

అన్నయ్య సినిమాల్లో ఫైటర్. హీరో కొడితే పడేవాళ్ళలో ఒకడు. పాతికేళ్ళకి పైగా పడ్డాడు. అద్దాలు పగలగొట్టుకుని పడ్డాడు, లారీల మీంచి పడ్డాడు, ఒకసారి వీపు మీద మంటతో పడ్డాడు. పెళ్ళి చేసుకోలేదు. కృష్ణానగర్‌లో మేడ మీద ఒక్క గది అద్దెకి తీసుకుని నన్ను ఊళ్ళోంచి తెచ్చి చదివించాడు. నేను కాలేజీలో లైబ్రేరియన్‌ని అయ్యాను, రిటైరయ్యాను. ఆ పాతికేళ్ళలో ఆయన ఎవరినీ నిజంగా కొట్టలేదు. ఆయనకి మాత్రం చాలాసార్లు నిజంగానే తగిలింది. ఎక్కువగా తలకే. అరవై దాటాక మతి తప్పడం మొదలైతే డాక్టరు ఆ దెబ్బల గురించే అడిగింది.

ఆయన్ని మా ఇంటికి తెచ్చుకున్నాం. జబ్బు ముదిరాక, దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళూ ఆయనకి తన మీదికి వస్తున్నట్టే కనిపించేవారు. నేను చొక్కా గుండీ పెట్టబోతే మోచేత్తో పొడిచేవాడు. పన్ను విరిగిన రోజు సాయంత్రం నా భార్య వాచిన మూతితోనే మెల్లగా చెప్పింది: "బావగారి మీద నాకు కోపం లేదు. కానీ నా వల్ల కాదు."

అప్పుడు కేర్ హోమ్‌లు చూడటం మొదలుపెట్టాను. ఏం చూడాలో చదివి వెళ్ళాను. మంచం పట్టినవాళ్ళ మడమలు చూడాలి, పుండ్లు అక్కడ మొదలవుతాయి. గోళ్ళు చూడాలి. మంచినీళ్ళు చేతికి అందేంత దూరంలో ఉన్నాయా, లేక అలంకారానికి పెట్టారా చూడాలి. ఫినాయిలు వాసన మరీ ఘాటుగా ఉంటే దాని కింద ఏ వాసన ఉందో పట్టుకోవాలి. ఫిల్మ్‌నగర్ ఎత్తులో, బండరాళ్ళ మధ్య ఉన్న ఒక బంగళా ఈ పరీక్షలన్నీ నెగ్గింది. గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. మడమలు మెత్తగా ఉన్నాయి. ప్రతి హాల్లోనూ కెమెరా ఉంది.

ఒకప్పుడు ఆ బంగళాని షూటింగులకి ఇచ్చేవారు. అన్నయ్య లోపలికి అడుగుపెడుతూనే హాలు మధ్య వంపు తిరిగిన మెట్లు చూసి ఆగాడు. "ఇక్కడ దొర్లాను. పైనుంచి కిందిదాకా. వన్ మోర్ అన్నాడు" అన్నాడు. మేనేజరు నవ్వి ఆయన భుజం తట్టింది. అది జబ్బు మాట అనుకుంది. నిజమేనని నేనే ఆమెకి చెప్పాను. ఆ రోజు ఆయనకి పక్కటెముక విరిగింది.

అక్కడ చేర్చాక మూడో వారమో నాలుగో వారమో వెళ్ళినప్పుడు ఆయన చొక్కా మారుస్తుంటే నడుము పక్కన నల్లగా కమిలి కనిపించింది. వెడల్పుగా, పట్టీలా ఉంది.

"మెట్ల మీద నుంచి ఆయనే దొర్లుతున్నారు సర్," అంది మేనేజరు. "షూటింగ్ అనుకుంటున్నారు. మీరే కదా ఇక్కడ యాక్ట్ చేశారని చెప్పింది. ఇప్పుడు గేటు పెట్టించాం, డోంట్ వరీ."

నమ్మాను. నమ్మదగ్గ మాటే. ఆయన పడటం నేను బతుకంతా చూశాను.

ఆ తర్వాతి వారం ఆయన పాత జోడీ ఒకడు నాతో వచ్చాడు. యూసుఫ్‌గూడలో ఉంటాడు, అతనూ ఫైటరే. చేతిలో బత్తాయిల సంచి. హాల్లో అన్నయ్య ఎదురుగా కూర్చుని, "ఏం గురూ, గుర్తు పట్టినవా? నీ ఈపు మీద ఎన్ని కుర్సీలు ఇరగ్గొట్టిన్నో లెక్క లేదు" అన్నాడు.

అన్నయ్య అతన్ని చాలాసేపు చూశాడు. "నీకు టైమింగ్ రాదు" అన్నాడు.

"మతి పోయినా పోకున్నా గీ మాట మాత్రం ఇడ్వవు!" అంటూ అతను లేచి, ఉన్నట్టుండి అన్నయ్య దవడ మీదికి పిడికిలి విసిరాడు. పిడికిలి ముక్కు ముందు నుంచి గాలిలా పోయింది. అన్నయ్య తల ఫట్‌మని తిరిగింది, ఉమ్ము ఎగిరింది, ఒళ్ళంతా సోఫా మీద వెనక్కి పడింది. ఆయాలు చప్పట్లు కొట్టారు. పక్క సోఫాలో ముసలావిడ "అయ్యో, చంపేస్తున్నాడు!" అని ఏడుపు అందుకుంది. అన్నయ్య ఒక కన్ను తెరిచి, "ఓకేనా?" అన్నాడు.

"చూశారా సర్, ఎంత యాక్టివ్‌గా ఉన్నారో," అంది మేనేజరు.

నేను ఇంటరు చదివేటప్పుడు అన్నయ్య మేడ మీద నన్ను ఎదురుగా నిలబెట్టుకుని రిహార్సల్ చేసేవాడు. ఒకరోజు కొట్టడం నా వంతు, ఒకరోజు పడటం. "కళ్ళు మూశావంటే ఈ పనికి పనికిరావురా. చెయ్యి ముక్కు దాటాక తల తిప్పు. ముందే తిప్పితే అబద్ధమని చంటిపిల్లాడికి కూడా తెలుస్తుంది. ఆలస్యమైతే పళ్ళు రాలతాయి." దెబ్బని కళ్ళు తెరుచుకుని చూడటమే ఆయన పని. మంట అంటించుకున్న రోజు కూడా కళ్ళు మూయలేదట.

చప్పట్లు ఇంకా ఆగలేదు. అటెండెంటు టీ గ్లాసు తీసుకోవడానికి వచ్చాడు. గట్టి మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి, భుజం మీద తువ్వాలు. గ్లాసు కోసం వంగాడు, అంతే. చెయ్యి ఇంకా లేవలేదు. అన్నయ్య కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కుడి భుజం చెవిదాకా లేచింది. రెండు చేతులూ పొట్ట మీద అడ్డం పెట్టుకున్నాడు. పడలేదు, అరవలేదు. అటెండెంటు గ్లాసు పట్టుకుని వెళ్ళిపోయేదాకా అలాగే ఉన్నాడు.

బయట బండి తీస్తూ ఆయన జోడీ నవ్వలేదు. "గురువు కండ్లు మూసుడు నేనెన్నడు సూడలే" అన్నాడు.

మర్నాడు మేనేజరు దగ్గరికి వెళ్ళాను. కొడుతున్నారని చెప్పాను. ఆమె కోపగించుకోలేదు. అలవాటైన ఓపికతో విన్నది.

"అటెండెంట్‌ని చూసి భయపడటం కూడా యాక్టింగే సర్. నిన్న మీరే చూశారు కదా, ముట్టుకోకుండానే ఎలా పడ్డారో."

"అయితే ఇద్దరం కలిసి చూద్దాం రండి" అన్నాను.

హాల్లో అన్నయ్య కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. నేను ఎదురుగా నిలబడి ఆయన ముఖం మీదికి చెయ్యి విసిరాను. బలంగా విసిరాను. మెల్లగా విసిరితే ఆయనకి నచ్చదు. చెయ్యి ముక్కు దాటింది, తల తిరిగింది, కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. నేల మీద నుంచి నన్ను చూసి, "ఓకేనా?" అన్నాడు. లేపి కూర్చోబెట్టాను. తర్వాత అటెండెంట్‌ని పిలిచి, ఏమీ చెయ్యొద్దు, అక్కడ నిలబడి భుజం మీది తువ్వాలు మాత్రం తియ్యమన్నాను.

అతను నన్ను చూశాడు, మేనేజర్ని చూశాడు. తువ్వాలు తీశాడు.

అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. పంచె తడిసింది. కుర్చీ కాళ్ళ వెంట నీళ్ళు నేల మీదికి కారాయి.

 మేనేజరు గోడ మీది కెమెరా వైపు చూపించింది. "సర్, ఇప్పుడు అందులో ఏం రికార్డయిందో తెలుసా? మీరు కొట్టడం, ఆయన పడిపోవడం. మా స్టాఫ్ తువ్వాలు తీయడం."

ఆమె చెప్పింది నిజమే. బాత్రూముల్లో కెమెరాలు ఉండవు.

నేను సామాన్లు సర్దుతుంటే అటెండెంటు గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. పై పెదవి ఎత్తి చూపించాడు. రెండు పళ్ళు లేవు. ముక్కు ఒక పక్కకి వంగి ఉందని అప్పుడు చూశాను.

"గివి మీ అన్న కొట్టినయే. తానం జేపిస్తుంటె మోకాలితోని గుద్దిండు. ఆయన గుద్దు ఉత్త గుద్దు గాదు సార్, మీకెరుకనే. పోయిన నెలల ఇంకో పోరని చెవు పగిలింది. మమ్ముల ఎవలూ అడగలే." గొంతు తగ్గించాడు. "మీ సిన్మలల్ల హీరోకు డూపు ఉంటడు. మాకెవలున్నరు డూపు?"

"అందుకని కొట్టావా?"

"తడి తువ్వాలతోని. లేకుంటె ఆగడు." తలుపు గడియ మీద చెయ్యి వేసి అన్నాడు: "మతిల ఉండదు గదా అనుకున్న."

ఆయనకి నా పేరు మతిలో లేదు. అమ్మ పోయిన సంగతి లేదు. అన్నం తిన్నాడో లేదో లేదు. ఆ తువ్వాలు మాత్రం ఉంది. ఆ మాట అటెండెంటుతో అనలేదు.  ఫిర్యాదు రాసిచ్చాను. అతన్ని తీసేశామని తర్వాత ఫోను చేసి చెప్పారు.

అన్నయ్యని అదే రోజు వెంగళరావు నగర్‌లోని మా ఇంటికే తెచ్చాను. నా భార్య తలుపు తీసి, తడిసిన పంచె చూసి, పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. "నీళ్ళు కాస్తాను" అంది.

ఆ నెలల్లో దెబ్బలు తినడం నేర్చుకున్నాను. స్నానం చేయించేటప్పుడు ఎడమ పక్క నిలబడాలి, ఆయన కుడి చెయ్యి ముందుకి వస్తుంది. అన్నం పెట్టేటప్పుడు కుర్చీ ఎత్తుగా ఉండాలి, మోకాలు అందకుండా. అయినా తగిలేది. ఒకసారి కంటి పైన చీలి కుట్లు పడ్డాయి. ఒకసారి మెడ పట్టుకుని గోడకేసి నొక్కాడు. ఊపిరి ఆడక ఆయన వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాను. ఒకసారి రోకలిబండ విసిరితే ఫ్రిజ్ తలుపు సొట్టబోయింది. అది నా భార్య నిలబడిన చోటికి జానెడు దూరం.

కానీ నేను ఒకటే చూసేవాణ్ణి. మొదట్లో నేను తువ్వాలు తీసినా ఆయన కళ్ళు మూసుకునేవాడు. మెల్లమెల్లగా అది తగ్గింది. దువ్వెన పట్టుకుని చెయ్యి ఎత్తితే భుజం లేవడం మానేసింది. తర్వాత తువ్వాలుతో ముఖం తుడిచినా కళ్ళు తెరిచే ఉంచేవాడు. ఇక్కడ ఆయనకి భయం లేదు. నాకు కావలసింది అదే.

ఒకరోజు నాతో పనిచేసిన లెక్చరర్ ఫోను చేశాడు. వాళ్ళ అమ్మకి హోమ్ వెతుకుతున్నాడు. ఏం చూడాలని అడిగాడు. మడమలు, గోళ్ళు, నీళ్ళు అన్నీ చెప్పి, "ఇవన్నీ మనం వస్తున్నామని సిద్ధం చేసి పెట్టొచ్చు. మీరు అటెండెంట్‌ని చూడకండి. అటెండెంటు దగ్గరికి వచ్చినప్పుడు అక్కడున్న పెద్దవాళ్ళ కళ్ళు చూడండి. చెయ్యి లేవకముందే కళ్ళు మూసుకుంటే ఆ చోటు మంచిది కాదు" అన్నాను.

ఫోను పెట్టేశాక, చిక్కుడుకాయలు ఒలుస్తున్న నా భార్య తలెత్తకుండా అడిగింది: "ఆ పరీక్ష ఎప్పుడైనా నాకు పెట్టారా?"

ఏమంటోందో వెంటనే అర్థం కాలేదు. 

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర చూశాను. అన్నయ్య చెయ్యి కడుక్కోవడానికి లేచి ఆమె వెనక నుంచి నడిచాడు. ఊరికే నడిచాడు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. కుడి భుజం చెవిదాకా లేచింది. చేతిలో ఉన్న గరిటెని పొట్టకి అడ్డం పెట్టుకుంది. ఆయన దాటి వెళ్ళాక కళ్ళు తెరిచి నాకు చారు వడ్డించింది.

"ఎప్పటినుంచి?" అన్నాను.

"పన్ను పోయినప్పటి నుంచి. చల్లారుతుంది, తినండి."

మళ్ళీ వెతికాను. ఈసారి కాగితాలు, కెమెరాలు అడగలేదు. ఒక్కో చోట ఒక పూటంతా కూర్చున్నాను. కళ్ళు మూసుకునే వాళ్ళని ఇంకా కొన్ని చోట్ల చూశాను. చివరికి బోరబండలో, రైలు వెళ్ళినప్పుడల్లా కిటికీలు అదిరే ఒక మేడలో ఆయన్ని చేర్చాను. అక్కడ గోళ్ళు మురికిగా ఉన్నాయి. బాత్రూం దాచకుండా కంపు కొట్టింది. మొదటి రోజే అన్నయ్య ఆయా చెంప మీద కొట్టాడు. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి, చెంప రుద్దుకుంటూ, "ఏంది తాతా, నేను నీ అత్తనా, గట్ల కొట్టినవ్? నీ సంగతి జెప్తా, ముందుగాల బువ్వ తిను" అని చెయ్యి ఎత్తింది. ముద్ద నోటి ముందుకి వచ్చింది. ఆయన ఆ చేతిని చూస్తూ నోరు తెరిచాడు. ఆయన కొడితే ఇద్దరు వచ్చి పట్టుకునేవారు, ఏ ఆయానీ ఒంటరిగా ఆయన దగ్గర వదిలేవారు కాదు. తేడా అంతే. గోళ్ళు నేనే వెళ్ళి తీసేవాణ్ణి.

ఆ ఏడు వానాకాలం చివర అన్నయ్య అక్కడే పోయాడు. నిద్రలో కాదు, మూర్ఛ వచ్చి, మంచం పట్టీ విరిగేలా కొట్టుకుని పోయాడు. కళ్ళు తెరిచి ఉన్నాయి. యూసుఫ్‌గూడ నుంచి వచ్చిన ఆయన జోడీ దానికేదో అర్థం చెప్పబోయాడు. వద్దన్నాను. కళ్ళు మూశాను.

దినాలు అయిపోయాయి. ఆయన గదిలో నా పుస్తకాలు మళ్ళీ సర్దుకున్నాను. ఒకరోజు నా భార్య అక్కడ కూర్చుని బట్టలు మడత పెడుతుంటే, ఆమె తల మీదుగా పై అరలో పుస్తకం కోసం చెయ్యి ఎత్తాను. ఆమె కళ్ళు మూసుకుంది. భుజం లేచింది.

చెయ్యి అలాగే గాల్లో ఉంచి, "పుస్తకం తీసుకుంటున్నాను" అన్నాను.

"తెలుసు," అంది కళ్ళు తెరవకుండానే. "తీసుకోండి."

ఇప్పుడు ముందే చెప్పి చెయ్యి ఎత్తుతున్నాను.