బ్యానర్‌కి రెండో కర్ర

ఆ రోజుల్లో నా ధైర్యమంతా మా అమ్మ అల్లి పంపిన మంకీ క్యాప్‌లోనే ఉండేది. హెచ్‌వన్ వీసా మీద కొత్తగా అమెరికాలో పార్సిప్పనీ అనే ఊరొచ్చాను. పోలీసు కారు కనబడితే చాలు, నా వీసా పోయిందనే అనుకునేవాణ్ణి (నేను ఫుట్‌పాత్ మీద నడుస్తున్నా సరే). అలాంటివాణ్ణి నడిబజార్లో బ్యానర్ పట్టుకుని నిలబడ్డానంటే మీరు నమ్మరు. మావాళ్లు నమ్మారు, అదే నా కొంప ముంచింది.

నేనుండే బేస్‌మెంట్ ఓనరాంటీకి డెబ్బై దాటాయి. యూదు మనిషి. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి, మరో నలుగురు యూదులతో కలిసి ఊరి మధ్య సిగ్నల్ దగ్గర గంటసేపు నిలబడేది. పొద్దుగూకేలోగా ఇంటికొచ్చి, వాళ్ల ఆచారం ప్రకారం దీపాలు వెలిగించేది. వాళ్ల బ్యానర్ మీద "మేము యూదులం. పాలస్తీనా వాళ్లకూ హక్కులుండాలి. ఇద్దరికీ శాంతి కావాలి" అని ఇంగ్లీషులో ఇంతింత అక్షరాలు. దీనివల్ల ఆవిడ వెళ్లే ప్రార్థనా మందిరంలో నలభై ఏళ్ల స్నేహితులు కొందరు పలకరించడమే మానేశారు. "బాధ లేదనుకున్నావా? ఉంది. అయినా వెళ్తా" అనేది. ఆవిడకి కంటి ఆపరేషన్ అయినప్పటినుంచి కారు డ్రైవ్ చేసేది నేనే. ఒప్పందం ఒక్కటే, నేను కారు దిగను.

ఆ శుక్రవారం చలిగాలి కోసేస్తోంది. ఒకరికి ఫ్లూ, ఒకరి కారు స్టార్ట్ కాలేదు, మిగతావాళ్లు ఊళ్లో లేరు. ఆంటీ ఒక్కతే. బ్యానర్‌కేమో రెండు కర్రలు! ఒకటి పట్టుకుంటే గుడ్డంతా ఎగిరొచ్చి ఆవిడ మొహానికే చుట్టుకుంటోంది. విప్పుతుంది, మళ్లీ చుట్టుకుంటుంది. నేను హీటర్ వేసుకుని చూస్తూ కూర్చున్నాను. నన్ను పిలవలేదు, కనీసం నావైపు చూడనైనా లేదు. చూసుంటే ఏదో వంక చెప్పేవాణ్ణి. ఇరవై నిమిషాలకి సిగ్గేసింది. టోపీ కళ్లదాకా లాక్కుని దిగి, రెండో కర్ర పట్టుకున్నాను. నా ఖర్మకొద్దీ నాకు దొరికింది "మేము యూదులం" ఉన్న వైపు.

కాసేపటికి ఒక పెద్దాయన కారాపి దిగాడు. ఆంటీ మందిరం మనిషే. "సొంతవాళ్లకే ఎదురు నిలబడతావా!" అని విరుచుకుపడ్డాడు. "మనవాళ్ల కోసం ఏడ్చాను. వాళ్ల పిల్లల కోసం కూడా ఏడుస్తున్నాను. ఇందులో ఎదురేముంది?" అంది ఆంటీ, కర్ర వదలకుండా. ఆయన గిర్రున నావైపు తిరిగాడు. "నువ్వసలు యూదుడివేనా?" అన్నీ మర్చిపోయి, నోటికొచ్చిన ఒక్క మాటా అనేశాను: "నో సార్, గుంటూరు."

ఆయన తెల్లబోయాడు. ఆంటీ నవ్వాపుకోలేకపోయింది. ఆయన మూతి కూడా నవ్వుకి కాస్త వంకరపోయిందని నా అనుమానం. "చలిలో ఎక్కువసేపు నిలబడకు" అని ఆవిడతో గొణిగి వెళ్లిపోయాడు. "ఏడాదిలో ఆయన నాతో మాట్లాడింది ఇదే" అంటూ ఆంటీ కళ్లు తుడుచుకుంది (గాలికట).

అక్కడితో అయిపోతే బాగుండేది. సిగ్నల్ దగ్గర కారాపిన, అదే ఊళ్లో ఉండే వరసకి బావ ఒకడు ఫొటో తీసి, "మనవాడు యూదుల్లో కలిసిపోయాడహో" అని ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాడు. మొహం పిసరంతైనా కనబడదు. కానీ మెరూన్ టోపీ మీద పచ్చ ఉన్నిబంతి ప్రపంచంలో మా అమ్మ తప్ప ఎవరూ పెట్టరు (బావకీ ఒకటిచ్చింది). మర్నాడు పొద్దున్నే అమ్మ ఫోను. "ఏరా, మతం మారావంటగా? వీసా పీకేస్తారంటగా?" అని ఒకటే ఏడుపు. జరిగిందంతా చెప్పాను. అమ్మ ఏడుపాపి ఆరా మొదలెట్టింది.

"ఆవిడ శుక్రవారం దీపం పెడుతుందా?"

"పెడుతుందమ్మా, రెండు."

"తనవాళ్లు తిడుతున్నా పరాయివాళ్ల పిల్లల కోసం నిలబడుతోందా?"

"అవునమ్మా."

"అలాంటి మనిషిని చలిలో ఒంటరిగా వదిలేసి కార్లో కూర్చున్నావా, సిగ్గులేదట్రా? వచ్చే వారం ముందు నువ్వే దిగు. టోపీ మాత్రం తియ్యకు, జలుబు చేస్తుంది."

పదేళ్లయింది. గ్రీన్ కార్డు క్యూ అక్కడే ఉంది, భయం మాత్రం ఎప్పుడో పోయింది. శుక్రవారాలు ఇప్పుడు టోపీ లేకుండానే నిలబడుతున్నాను (జుట్టు కూడా లేకుండా అనుకోండి). ఎనభై దాటిన ఆంటీ మడతకుర్చీలో కూర్చుని తన కర్ర తను పట్టుకుంటుంది. హీటర్ ముందు ఇరవై నిమిషాలు కూర్చున్న ఆ పిరికి వెధవని తలుచుకుంటే నవ్వొస్తుంది, పాపం చివరికి దిగాడులే అనిపిస్తుంది. ఆ పెద్దాయన అప్పుడప్పుడూ వస్తాడు. బ్యానర్ ముట్టుకోడు, ఆంటీతో వాదన మానడు, కాఫీ మాత్రం మూడు కప్పులు తెస్తాడు. నా పేరు ఇప్పటికీ ఆయనకి తెలియదు. దూరంనుంచే "గుంటూరూ!" అని కేకేస్తాడు. నేను పలుకుతాను.